పేపర్లో లేని నంబరు

మా మరిది జితేందర్ అరవగా నేను మొదటిసారి విన్నది మొన్నటి హనుమాన్ జయంతి నాడు. గౌలిగూడలో ఊరేగింపు బయలుదేరుతుందని ఆబిడ్స్ వైపు రోడ్లన్నీ మూసేశారు. మా ఆయన వామన్‌రావు కళ్లద్దాల దుకాణం తెరవలేదు. అందరం ఇంట్లోనే ఉన్నాం. స్వామికి వడమాల వేద్దామని నేను పప్పు రుబ్బి గిన్నెలోకి తీస్తున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మా ఇంట్లో లోపలి మెట్లు చెప్పులతో ఎవరూ దిగరు.

“ప్రణవీ! ఏడున్నవ్? బయటికి రా!”

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా మామగారు కట్టించిన ఇల్లు మాది. కింద మేము, పైన జితేందర్, అతని భార్య శశికళ. వాళ్లకు పిల్లలు లేరు. మా ప్రణవి పుట్టింది కిందే అయినా పెరిగింది పైనే. ఎక్కాల నుంచి ఫిజిక్సు దాకా అన్నీ చిన్నాన్న దగ్గరే నేర్చుకుంది. అతను ప్రొఫెసరు. బ్యాటరీల్లో వాడే పదార్థాలను చేత్తో తయారు చేయకముందే, అవి నిలుస్తాయా లేదా అని కంప్యూటర్లో లెక్కగట్టి చూడటం అతని పని. మా పిల్ల కూడా ఆ దారే పట్టి ఊళ్లోనే ఇంకో సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది.

ప్రణవి తడి తల తుడుచుకుంటూ బయటికి వచ్చింది. జితేందర్ ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు.

“గిది నువ్వు రాసిందేనా?”

“ఔ చిన్నాన్నా. నేనే పైకొచ్చి చెప్దామనుకున్న. మా గైడ్ సార్ ముందుగాలనే నెట్‌ల పెట్టిండు.”

“ఏం చెప్దామనుకున్నవ్? నాది దొంగ పేపరని చెప్దామనుకున్నవా?”

“దొంగ అని ఏడ రాసిన? మళ్ల చేస్తే ఆ జవాబు రాలేదని రాసిన. అంతే.”

“అంతేనా! రెండిటికీ తేడా నీకు తెలుసు, నాకు తెలుసు. చదివేటోనికి తెలుస్తదా? పొద్దటిసంది ఒకటే ఫోన్లు. ‘ఏం జితేందర్ సాబ్, ఇంట్లనే సీబీఐని పెంచినవట’ అని ఒకడు ఇకిలిస్తుండు.”

మా ఆయన న్యూస్‌పేపరు పక్కన పెట్టి లేచారు. “జితూ, జర కూసో. చిన్నపిల్ల, తెల్వక...”

“చిన్నపిల్ల కాదన్నా. నా మెడ మీద కత్తి పెట్టేంత పెద్దదైంది.”

ఎట్లా దిగాడో అట్లాగే చెప్పులతో పైకి వెళ్లిపోయాడు. స్వామికి వడమాల వేశాను గానీ ప్రసాదం పైకి పంపితే గిన్నె మూత తీయకుండానే తిరిగి వచ్చింది. అది చూసి నాకు ఒళ్లు మండింది. మనుషుల మీద కోపం ప్రసాదం మీద చూపిస్తారా?

ఆ తర్వాత ప్రణవిని వంటింట్లోకి లాక్కెళ్లి అడిగాను. “నెట్‌ల పెట్టకముందు మెట్లెక్కనీకి కాళ్లు లేవా నీకు? లోకానికంతటికీ తెలిసినంక చిన్నాన్నకు తెలియాల్నా?”

“అమ్మా, వారం దినాలు ఆపమని మా సార్‌ను అడిగిన. సరే అన్నడు. ఎవరో ముందుగాల పెడ్తరని భయపడి నాకు చెప్పకుండనే పెట్టిండు. నేను ఏం చెయ్యాలె?”

“ఆ వారం దినాలల్ల ఒక్క దినం కూడ పైకి పోలే నువ్వు.”

ప్రణవి గిన్నెలో మిగిలిన పిండి వైపు చూస్తూ నిలబడింది.

నేను పదో తరగతి దాకా చదివాను. ప్రణవి పని నాకు అర్థమైనంత వరకు చెబుతాను. కంప్యూటర్లో లెక్క చేసి, ఫలానా పదార్థం గట్టిది, ఫలానాది పనికొస్తుంది అని లోకమంతా పేపర్లు రాస్తారు. ఆ పేపరు చూసి ఇంకొకరు అదే లెక్క చేస్తే అదే జవాబు రావాలి కదా! చాలాసార్లు రాదట. కారణం, లెక్క మొదలుపెట్టేముందు ఏమేం పెట్టుకున్నారో పూర్తిగా రాయరు. ప్రతి ల్యాబ్‌లో ఒక పాత ఫైలు ఉంటుందట. సీనియర్ దాన్ని జూనియర్‌కు ఇస్తాడు, జూనియర్ పేరు మార్చి వాడుకుంటాడు. అందులో ఏముందో ఎవరూ తెరిచి చూడరు. ప్రణవి వాళ్లు ఒక మిషన్ తయారు చేశారు. ఈమధ్య అందరూ ఫోన్లలో ప్రశ్నలు అడుగుతున్నారే, ఆ లాంగ్వేజ్ మోడల్ జాతిదే. అది పేపరు మొత్తం మనిషిలాగా చదువుతుంది, లెక్కకు కావలసినవన్నీ ఏరుకుంటుంది, తానే లెక్క నడిపించి, జవాబు కుదిరిందో లేదో చెబుతుంది.

ఈ గొడవకు ముందు, ఉగాది పచ్చడి కలుపుతుండగా ఈ సంగతంతా విని నేను ఒక మాట అన్నాను. “అంటే వీళ్లది సంకల్పం చెప్పకుండ చేసే పూజ అన్నట్టు.” పూజకు కూర్చుంటే ముందుగా ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ నదుల మధ్య, ఏ గోత్రంవాడు, ఏ పేరువాడు అని అన్నీ చెప్పుకుంటాం కదా!

ప్రణవి పకపకా నవ్వింది. “గదే అమ్మా! వీళ్లంత డైరెక్ట్ హారతి ఇచ్చేటోళ్లు. చూడు, మా పేపర్ల చిన్నాన్న పేపరు కూడ పెడ్తున్న. ఎందుకంటే గది పక్కా వస్తది. మా మిషన్ మంచిగ చదువుతదని చూపియ్యనీకి గదే ఫస్ట్ పెడ్త.”

గర్వంతో పెట్టింది. తీరా మిషన్ లెక్క చేస్తే జవాబు కుదరలేదు. కుదరనిదాన్ని తీసేస్తే బాగుండేదని మా ఆయన అన్నారు. చిన్నాన్నది కాబట్టి తీసేస్తే మిగతావాళ్లవి ఏ మొహంతో ఉంచుతానని ఆమె అంది.

అదే వేసవిలో జితేందర్‌కు పెద్ద ఇంటర్వ్యూ ఉంది. బ్యాటరీ పదార్థాల కోసం కొత్తగా పెడుతున్న కేంద్రానికి డైరెక్టర్ పదవి. ఆ ఉద్యోగం అతనికే అని అందరూ అనుకునేవారు. అతనికి పేరు తెచ్చింది ఈ పేపరే. ఇప్పుడు కమిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఈ రిపోర్టుకు మీ సమాధానం ఏమిటి, ఇంటర్వ్యూకు ముందే పంపండి అని.

డాబా మీద బట్టలు ఆరేస్తుంటే శశికళ కనబడింది. నా ఏరాలితో నాకు ఎప్పుడూ పేచీ లేదు. ఆ రోజు చీర దులిపి తీగ మీద వేస్తూ, నా వైపు చూడకుండానే అంది.

“ఎంత చేసినం అక్కా ఆ పిల్లకు! జరం వస్తే దవాఖానకు ఎత్తుకొని ఉరికింది ఎవరు? ఇప్పుడు మా నోట్లె మన్ను కొట్టింది.”

“నోరు జాగ్రత్త శశీ. నా బిడ్డ ఎవరి నోట్లె మన్ను కొట్టలే.”

“నీ బిడ్డ! ఇన్నాళ్లు మా బిడ్డే ఉండె. తప్పు చేసినంక నీ బిడ్డైందా?”

ఇద్దరం తలోవైపు దిగాం. ఆ సాయంత్రం నుంచి లోపలి మెట్ల తలుపుకు పైవైపు గడియ పడింది. మా మామగారు ఉండగా ఆ తలుపుకు గడియ ఉందన్న సంగతే నాకు తెలియదు.

రెండు వారాలు గడిచాయి. వైశాఖం ఎండ, కింద పైన అన్న మాటే లేకుండా ఇల్లంతా ఉడికిపోతోంది. మా ఆయన రోజూ దుకాణం నుంచి వచ్చి కూతురికి ఒకటే పాట. “పో, చిన్నాన్న కాళ్లు పట్టుకో.” ఆమె రోజూ ఒకటే జవాబు. “కాళ్లు పట్టుకుంట బాపూ. కానీ లెక్క మారదు కదా.” ఈ ముగ్గురి మొండితనం చూసి చూసి నాకు విసుగొచ్చింది. బయటి గేటు నుంచి పైకి వెళ్లి వాళ్ల తలుపు బాదాను.

జితేందర్ గడ్డం పెరిగి ఉంది. “ఏంది వదినా?”

“ఏందో నువ్వే చెప్పాలె. ఇంత చదివిన్రు ఇద్దరు. లెక్క గురించి లొల్లి పెట్టుకొని, ఆ లెక్కను ముందర పెట్టుకొని ఒక్కనాడన్న కూసున్నరా? ఫోన్లల్ల చూసుకొని తిట్టుకుంటున్నరు. కిందికి రా. నా కండ్ల ముందర ఇద్దరు కూసొని చెయ్యుండ్రి.”

వస్తాడని అనుకోలేదు. లుంగీ మార్చుకుని వచ్చాడు.

భోజనాల బల్ల మీద ప్రణవి ల్యాప్‌టాప్ పెట్టింది. ఎదురుగా కుర్చీ వేస్తే జితేందర్ అక్కడ కూర్చోలేదు. పక్కకు లాక్కుని, చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పేటప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నాడు. అలవాటు కాబోలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మిషన్ తన లెక్క కోసం రాసుకున్న ఫైలు ఆమె తెరిచింది. అతను వేలు పెట్టి ఒక్కో వరుస చదువుతూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

“ఈ నంబరు ఎవరు పెట్టిన్రు?”

“నీ పేపర్ల ఉన్నదే కదా చిన్నాన్నా.”

“నా పేపర్ల లేదు.”

“ఉంటది. మిషన్ పేపర్లకెల్లే తీస్తది.”

“చూపియ్యి.”

ఆ పదార్థంలో మాంగనీసు ఉందట. మాంగనీసు ఉంటే కంప్యూటర్ లెక్క కొంచెం దారి తప్పుతుందట. దాన్ని సరిచేయడానికి ఒక సవరణ నంబరు పెట్టాలి. ఎంత పెట్టాలన్నది మనిషే నిర్ణయించాలి. కొంచెం అటూ ఇటూ అయితే పదార్థం గట్టిదన్నది కాస్తా పెళుసుదని వస్తుంది. ప్రణవి పేపరు మొదటి నుంచి చివరి దాకా వెతికింది. మళ్లీ వెతికింది. ఆ నంబరు ఎక్కడా లేదు.

మిషన్‌ను అడిగింది. ఈ నంబరు ఎక్కడి నుంచి తెచ్చావని కీబోర్డు మీద టకటకా కొట్టింది. జవాబు వెంటనే వచ్చింది. ఆమె పైకే చదివింది. పేపర్లో ఆ విలువ ఇవ్వలేదట, సాధారణంగా అందరూ వాడేది తను పెట్టిందట, ముందే చెప్పనందుకు క్షమించాలట.

నాకు ఆ మిషన్‌ను ఎత్తి వీధిలో పారేయాలన్నంత కోపం వచ్చింది. మా ఇంట్లో ఇన్ని రోజులుగా ఏ ఒక్కరి నోటి నుంచీ రాని మాట దానికి అంత చవకగా వచ్చింది. ఇల్లు రెండు ముక్కలు చేసి, క్షమించమని రాసి, ఇంకేమైనా సాయం కావాలా అని కూడా అడుగుతోంది!

“చూసినవా?” జితేందర్ లేచి నిలబడ్డాడు. “చూసినవా వదినా! లేనిది ఉన్నట్టు రాసుకొని నన్ను బద్నాం చేసింది. అన్నా, నువ్వు కూడ చూడు!”

“తప్పు నాదే,” అంది ప్రణవి. “ప్రతి నంబరు పేపర్ల ఏ లైను నుంచి తీసిందో అడగాలె నేను. అడగలే. రిపోర్టు తీసేయిస్త. తప్పు అని రాస్త.”

మా ఆయన హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డారు. “అయిపాయె. ఎంత సేపు! శశికళను పిలువుండ్రి. మొజంజాహీ మార్కెట్ పోయి మామిడిపండు ఐస్‌క్రీం తెస్త.”

అది అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

“మరి మీరు ఎంత పెట్టిన్రు?” అని అడిగింది ప్రణవి.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె చిన్నాన్నను ‘మీరు’ అనడం అదే మొదలు. జితేందర్ కూడా ఆ మాట పట్టుకున్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

“సిద్ధార్థ్ చేసిండు ఆ లెక్కలు. నా స్టూడెంట్.”

సిద్ధార్థ్‌కు ఫోను చేశారు. చదువైపోయి ఏదో బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడట. “సార్, ఆ సర్వర్ తీసేసిన్రు కదా సార్. గా ఫైలు నాకు సీనియర్ ఇచ్చిండు. నేను పేరు మార్చి రన్ చేసిన సార్. లోపల ఏముండెనో...” అని నసిగాడు. జితేందర్ ఫోను పెట్టేశాడు. కాసేపు ఆలోచించి ఒక నంబరు చెప్పాడు. లెక్క ప్రణవి వాళ్ల సంస్థ పెద్ద కంప్యూటర్లో నడవాలి. మర్నాటికి గానీ రాదన్నారు. వచ్చింది, జవాబు కుదరలేదు. అతను ఇంకో నంబరు చెప్పాడు. అదీ కుదరలేదు. ఆ రోజుల్లో లోపలి మెట్ల గడియ తీసే ఉంది. శశికళ కూడా దిగివచ్చి వంటింటి గడప మీద కూర్చుని చూసేది. ఇంకో నంబరు పెట్టిన మర్నాడు, మధ్యాహ్నం భోజనాలవుతుండగా, ప్రణవి ల్యాప్‌టాప్ చూసి “వచ్చింది” అంది.

పేపర్లో ఉన్నట్టే వచ్చింది. పదార్థం గట్టిదే.

“అదే!” అన్నాడు జితేందర్. పెరుగన్నం చేత్తోనే బల్ల మీద కొట్టాడు. “అదే నంబరు. అదే పెట్టినం.”

శశికళ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. ప్రణవి మాత్రం తెర వైపే చూస్తోంది.

“చిన్నాన్నా, అదే అని నీకు యాదికొచ్చిందా? జవాబు వచ్చింది కాబట్టి అదే అంటున్నవా?”

జితేందర్ పళ్లెంలో చెయ్యి కడిగేసుకున్నాడు. పళ్లెంలో ఇంకా అన్నం ఉంది.

ఇక ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలియదు. కమిటీ గడువు దగ్గరపడుతోంది. వాళ్లకు కావలసింది ఒక్క వాక్యం. రిపోర్టు రాసిన పిల్లే, ఈ నంబరుతో చేస్తే జవాబు కుదిరింది, పేపరు సరైనదే అని రాసిస్తే చాలు.

“రాసియ్యి,” అన్నారు మా ఆయన. “అబద్ధం కాదు కదా! కుదిరింది కదా!”

“కుదిరిందని రాస్త బాపూ. గదే నంబరు అప్పుడు పెట్టిన్రని నేనెట్ల రాయాలె? కుదిరేదాంక నంబర్లు మారిస్తే ఏ జవాబైన కుదురుతది. మా మిషన్ చేసింది తప్పంటున్నం. తెల్వనికాడ తోచింది పెట్టింది. మనం చేసేది ఏంది?”

“మిషన్ వేరు, మీ చిన్నాన్న వేరు!”

“నాకు తెల్వదా?” అని అరిచింది పిల్ల. “నాకు తెల్వదా బాపూ!” గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మా ఆయన నా మీద విరుచుకుపడ్డారు. “నువ్వు చెప్పు. నీ మాట వింటది. దేవుడు దేవుడు అని పొద్దుమాపు అంటవ్ కదా, ఇంట్లోళ్లను ముంచమని చెప్తడా మీ దేవుడు?”

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. కోపంలోనే మెట్లెక్కాను.

“జితేందర్, ఒక్క మాట. రేపు శుక్రవారం. పూజ టైముకు కిందికి రా. దేవుని ముందర నిలబడి గా నంబరే పెట్టినం అను. చాలు. నా బిడ్డతోని నేను రాయిస్త. అది రాయకుంటే నా చేతి అన్నం తినదు.”

“గింతేనా?” అని శశికళ ఎదురొచ్చింది. “వస్తడు. తప్పకుండ వస్తడు.”

జితేందర్ సరే అన్నట్టు తలూపాడు.

దేవుణ్ణి ఇట్లా పంచాయితీలోకి లాగడం ఎంతవరకు సబబో నాకు ఇప్పటికీ సందేహమే. ఆయనకు ఈ మాంగనీసుతో, ఈ నంబర్లతో పనేమిటి? మనుషుల ముందు చెప్పలేని నిజం దీపం ముందు చెప్పగలమా? మనుషుల ముందు చెప్పగలిగిన అబద్ధం దీపం ముందు ఎందుకు తడబడుతుంది? ఇవన్నీ ఆ రాత్రి అనుకోలేదు, తర్వాత అనుకున్నాను.

పొద్దున్నే తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, జితేందర్ దిగివచ్చాడు. వెనక శశికళ. మా ఆయన గంట పట్టుకుని నిలబడ్డారు. ప్రణవి గుమ్మం దగ్గర నిలబడింది. నేను అష్టోత్తరం చదివి, నైవేద్యం పెట్టి, కర్పూరం వెలిగించాను. హారతి పళ్లెం పట్టుకుని అతని వైపు తిరిగాను.

“చెప్పు జితేందర్.”

అతను చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి. కర్పూరం వెలుగుతోంది. గంట ఆగింది. శశికళ అతని మోచేతిని తన మోచేతితో మెల్లగా తాకింది. కర్పూరం చిన్నదై, నీలంగా మారి, ఆరిపోయింది.

“తీర్థం ఇయ్యి వదినా,” అన్నాడు.

ఇచ్చాను. తాగి, చెయ్యి తలకు తుడుచుకుని, పైకి వెళ్లిపోయాడు.

కమిటీకి అతనే రాశాడు. ఆ విలువ మేము పేపర్లో రాయలేదు, మా దగ్గర ఆధారం లేదు, నాకు గుర్తు లేదు అని. ప్రణవి కూడా వాళ్ల రిపోర్టు వెనక్కి తీయించి, మా మిషన్ పేపర్లో లేని నంబరును తనంతట తాను పెట్టింది, మేము చూసుకోలేదు అని నెట్‌లో రాసింది. వాళ్ల సార్ మండిపడ్డాడట. “మన తప్పు మనమే దండోరా వేసుకుంటమా? మెల్లగ సరిచేస్తే సరిపోతుండె” అన్నాడట. థీసిస్ ఇచ్చేది ఈ ఏడు కాదు, వచ్చే ఏడే అని తేల్చేశాడు.

డైరెక్టర్ పదవి ఇంకొకాయనకు ఇచ్చారు. లక్డీకాపూల్‌లో పెద్ద హోటల్లో ఆయనకు సన్మానం కూడా జరిగింది. ఆయన పేపర్లను ఏ మిషనూ చదవలేదు. చదివితే ఏం తేలేదో ఎవరికీ తెలియదు. సన్మానం ఫోటో న్యూస్‌పేపర్లో చూసి నాకు కడుపు మండిపోయింది. గుర్తు లేదని చెప్పినవాడు ఇంట్లో కూర్చున్నాడు. ఎవరూ అడగనివాడు శాలువా కప్పించుకున్నాడు. స్వామీ, ఇదేం లెక్క నీది అని పూజలో గట్టిగానే అడిగాను. మా ఆయన విని, నువ్వూ స్వామికి మెయిల్ పెట్టు, గడువు చెప్పి అన్నారు. నాకు నవ్వు రాలేదు.

శశికళ నాతో మాట్లాడటం మానేసింది. మెట్ల గడియ పడలేదు గానీ ఆమె దిగేది కాదు. ఎదురుపడితే “దేవుని ముందర నిలబెట్టి మరీ తీసినవ్ అక్కా పరువు” అంది ఒకసారి. ఆ మాటలో నిజం ఎంతుందో నేనే ఇంకా తూకం వేసుకుంటున్నాను.

ప్రణవి మిషన్‌ను మార్చింది. ఇప్పుడది ప్రతి నంబరు పక్కన పేపర్లోని ఏ వాక్యం నుంచి తీసిందో ఆ వాక్యం పెట్టాలి. వాక్యం లేకపోతే ఖాళీ వదలాలి. తోచింది పెట్టకూడదు. ఖాళీలు ఎన్ని తేలాయో చూసి ఆమే నోరు తెరిచింది. ఆ ఖాళీలన్నిటి గురించి రాసినవాళ్లకు మెయిళ్లు పెట్టడం మొదలుపెట్టింది. కొందరు మర్యాదగా చెప్పారు. చాలామంది జవాబే ఇవ్వలేదు. కొందరు తిట్టారు.

మృగశిర కార్తె వచ్చింది. ఉబ్బసానికి ఇచ్చే చేప మందు కోసం నాంపల్లి మైదానానికి వచ్చిన జనంతో మా సందు కూడా నిండిపోయింది. గొడుగులు, నీళ్ల సీసాలు, పిల్లలను ఎత్తుకున్న తల్లులు. నేను వాకిట్లో కుండ పెట్టి వచ్చేపోయేవాళ్లకు మంచినీళ్లు పోస్తున్నాను. జితేందర్ బయటికి వెళ్దామని దిగి, ఆ రద్దీలో స్కూటర్ తీయలేక గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజులన్నీ అతను ప్రణవితో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు.

వరండాలో ప్రణవి ఫోను మోగింది. చేతులకు తడి ఉందని స్పీకర్ పెట్టింది. అవతల ఎవరో ప్రొఫెసరు. పేరు చెప్పకుండానే అందుకున్నాడు.

“ఎవరమ్మా నువ్వు? నీ వయసెంత? నా పేపర్లో ఖాళీలు వెతకడానికి నీకు అధికారం ఎవరిచ్చారు? మిషన్ పెట్టి పెద్దవాళ్ల మీద బురద జల్లుతున్నారా? మీ డైరెక్టర్‌కు రాస్తాను. నీ థీసిస్ ఎట్లా వస్తుందో చూస్తాను!”

“సార్, తప్పని అనట్లేదు సార్. ఆ ఒక్క విలువ ఎంతో చెప్తే...”

“నోర్ముయ్!”

నేను కదిలేలోపే జితేందర్ వరండా ఎక్కాడు. చెప్పులతోనే. ప్రణవి ముందున్న ఫోను లాక్కున్నాడు.

“నేను జితేందర్‌ను. పేరు విన్నరు కదా? నా సంగతి విని నవ్వినోళ్లల్ల మీరు కూడ ఉండే ఉంటరు. నాది కూడ గట్లనే పోయింది. ఆ పిల్ల మీద అరిస్తే నంబరు దొరకదు సార్. ఏం పెట్టిన్రో యాదికుంటే చెప్పుండ్రి. లేకుంటే లేదని చెప్పుండ్రి. గంతే అడిగింది. గంతకు మించి ఒక్క మాట అన్నరంటే మీ ఇంటికొచ్చి అడుగుత.”

సందులో జనం ఆగి చూస్తున్నారు. పైన డాబా పిట్టగోడ మీద నుంచి శశికళ వంగి చూస్తోంది. అవతలాయన ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను. తర్వాత ఆ గొంతే, ఇంకెవరిదో అన్నంత మెల్లగా వచ్చింది.

“నాకూ గుర్తు లేదండీ.”

జితేందర్ ఫోను ప్రణవి చేతిలో పెట్టాడు. ఆమె మొహం చూడలేదు.

“విన్నవ్ కదా. విన్నది విన్నట్టు రాసుకో,” అని కసిరి, జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు.